పెండ్లి ఛాయాగ్రాహకుని సంచి

తెలుగువారి పెండ్లిలో ముహూర్తసమయమును మీరందరును చూచియే యుందురు. వధూవరుల నడుమ అడ్డుతెర పట్టియుందురు. పురోహితుడు గడియారమువైపు చూచుచు మంత్రము చదువుచుండును. ఉన్నట్లుండి ఆయన చేయి ఎత్తును. మేళగాండ్రు గట్టిమేళము అందుకొందురు. వధూవరులు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచుదురు. తెర తొలగును. తెర తొలగిన వెంటనే పెండ్లికుమార్తె కన్నులెత్తి చూచు ఆ చూపు ఒకటి రెండు సెకనులకంటె నిలువదు. సరిగ అప్పుడే నాలుగువైపులనుండి అక్షతలు వర్షించును. బంధువులందరు లేచి నిలుచుందురు. ఆ గుంపు నడుమ ఒక ఎత్తుపీటపై నిలిచి, కెమేరాను కంటికి ఆనించుకొన్న మనుష్యు డొకడుండును. మంత్రము తప్పినచో పురోహితుడు మరల చదువవచ్చును. కూరలో ఉప్పు తగ్గినచో వంటవాడు మరల వేయవచ్చును. ఆ చూపు మాత్రము మరల రాదు.

ఆ మనుష్యుని భుజమున వ్రేలాడు నల్లని సంచిని విప్పి చూచినచో అందు కెమేరాలు, లెన్సులు, దీపములు, బ్యాటరీలు, తీగలు, గుడ్డపీలికలు, చిన్న చిన్న పొట్లములు కనబడును. ఇన్ని యెందులకని మనకు తోచును. నేటి దినములలో చేతనున్న ఫోనుతోనే ఎవరైనను చక్కని చిత్రము తీయగలుగుచున్నారు గదా! నిజమే. పగటివేళ, మంచి వెలుతురులో, కదలక నిలిచినవానిని తీయుటకు ఫోను చాలును. అర్ధరాత్రి దాటిన పిదప రెండుగంటల ముహూర్తమునకు, హోమధూమములో, వందమంది త్రోపులాట నడుమ, క్షణములో దాటిపోవు చూపును పట్టుటకు అది చాలదు. సంచిలోని వస్తువులలో సగము చీకటిని గెలుచుటకు ఉన్నవి. తక్కిన సగము, వానిలో నేదైనను చెడిపోయినవేళ దాని చోట నిలుచుటకు ఉన్నవి.

ఈ వస్తువులన్నియు ఒక్కనాట సంచిలో చేరినవి కావు. ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839వ సంవత్సరమున. మన ప్రాంతమున ఈ కళకు మిక్కిలి పేరు తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో ఉత్తరదేశమున సర్ధనా అను ఊర జన్మించెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పెను. 1892లో హైదరాబాదులో ఘోషాస్త్రీలకొరకు, ఒక ఆంగ్లేయవనిత నడుపునట్లుగ, ప్రత్యేకమైన స్టూడియోను గూడ ఏర్పరచెను. ఆ కాలపు కెమేరా యనగా ముక్కాలిపై నిలిపిన కొయ్యపెట్టె. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలకను అందు దూర్చవలెను. వెలుతురు చాలనిచో ఎదుట కూర్చున్నవారు కొన్ని సెకనులపాటు కదలక మెదలక ఉండవలెను. చిరునవ్వును అంతసేపు నిలుపుట ఎవరికి సాధ్యము? నాటి చిత్రములలో ముఖములు బిగుసుకొనియుండుటకు ఇదియు నొక కారణము. కావున ఆ దినములలో పెండ్లి చిత్రమనగా, పెండ్లి జరిగిన పిదప వధూవరులు స్టూడియోకు పోయి, చిత్రించిన తెరయెదుట కుర్చీ వేసికొని తీయించుకొను చిత్రమే. ముహూర్తమును పట్టుకొను కెమేరా అప్పటికి లేదు.

చీకటిలో చిత్రము తీయుటకు 1887లో జర్మనీలో ఒక ఉపాయము వెలువడినది. మెగ్నీషియము పొడిలో పొటాషియం క్లోరేటు అను రసాయనమును కలిపి, పళ్లెములో పోసి అంటించినచో, అది భగ్గుమని మండి కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగు నిచ్చును. ఆ వెలుగుతోపాటు పెద్ద చప్పుడును, తెల్లని పొగయు లేచును. తాటాకు పందిరిక్రింద అట్టి మంటను రేపుట యెంత సాహసమో మీరే యూహింపుడు. 1930 ప్రాంతమున లోహపు రేకును గాజుబుడ్డిలోనే మండించు ఫ్లాష్ బల్బులు వచ్చినవి. పొగ తప్పినది గాని, ఒక్కొక్క బల్బు ఒక్క చిత్రముతోనే మాడిపోవును. ఆ దశాబ్దముననే అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు, విద్యుత్తును నిలువచేసి, గాజుగొట్టములోని వాయువుగుండ ఒక్కసారిగ విడిచి మెఱుపు పుట్టించు పద్ధతిని వృద్ధిచేసెను. నేడు ఛాయాగ్రాహకులు వాడు ఫ్లాష్ ఈ వంశములోనిదే. దానిని వేలసార్లు వెలిగింపవచ్చును.

గాజుపలకల పిదప చుట్టలుగా చుట్టిన ఫిల్ము వచ్చినది. పెట్టెవంటి శరీరమునకు ముందువైపున ఒకదానిపై నొకటిగ రెండు లెన్సులుండు కెమేరాలను మీ తాతల కాలపువా రెఱుగుదురు. యాషికా వంటి ఆ కెమేరాలను ఛాయాగ్రాహకులు రొమ్మున కానించుకొని, పైనుండి తల వంచి చూచుచు చిత్రములు తీసెడివారు. ఒక చుట్టకు పండ్రెండు చదరపు చిత్రములు. పండ్రెండును ముగిసినంతనే మూత తీసి, కొత్త చుట్ట వేయవలెను. 1925లో జర్మనీలో అమ్మకమునకు వచ్చిన లైకా వంటి చిన్న కెమేరాలలో సినిమా ఫిల్మునే వాడి ముప్పదియారు చిత్రములు తీయవచ్చును. ఫిల్మునకు వెల గలదు. దానిని కడుగుటకు వెల గలదు. అచ్చు తీయుటకు వెల గలదు. కావున నాటి ఛాయాగ్రాహకుడు పిసినారి కాసులు లెక్కించినట్లు తన చిత్రములను లెక్కించుకొనెడివాడు. కన్యాదానమునకు రెండు, మంగళసూత్రధారణకు మూడు, తలంబ్రాలకు నాలుగు అని మనసులోనే పంచుకొనెడివాడు.

ఆ కాలపు కష్టమును నేను కన్నులార చూచితిని. 1984లో గోదావరి లంకగ్రామమున మా మేనత్త కుమార్తె వివాహము జరిగినది. దగ్గరి పట్టణమునుండి ఒక ఛాయాగ్రాహకుని పిలిపించిరి. మా నాయనమ్మకు ఛాయాచిత్ర మన్నచో భయము; చిత్రము తీసినచో ఆయువు తగ్గునని ఆమె నమ్మకము. ఆనాడు మాత్రము మనుమరాలి ముచ్చటకు లోబడి, ఆమె ప్రక్కన కూర్చుండి, అక్షతలు వేయుచు చిత్రము తీయించుకొన్నది. నాలుగు దినముల పిమ్మట ఛాయాగ్రాహకుడు వచ్చి వాకిట తల వంచుకొని నిలిచెను. ముహూర్తము తీసిన ఫిల్ము ఈ కొసనుండి ఆ కొసవరకు ఒక్క గుఱుతైనను లేక బయటపడినదట. ఫిల్ము కొన చుట్టుకొను కదురుకు తగులుకొనక జారిపోయినది. లోపల ఫిల్ము కదలకున్నను పైన లెక్కచూపు అంకెలు తిరుగుచునే యుండును. ఒకటి, రెండు, మూడు అని ముప్పదియారు వరకు అవి చక్కగా తిరిగినవి. అతడు సొమ్ము పుచ్చుకొనలేదు. మరుసటి సంక్రాంతికి ముందే మా నాయనమ్మ గతించినది. ఆమెకు వేరొక చిత్రము లేదు.

ఫిల్మును తిరిగి చుట్టుటకు కెమేరాకు ఎడమవైపున ఒక చిన్న మరబిళ్ల యుండును. లోపల ఫిల్ము నిజముగా కదలుచున్నచో, ఒక్కొక్క చిత్రము తీసి ముందునకు త్రిప్పినప్పుడెల్ల ఆ బిళ్లయు తిరుగును. దానిని చూచుటకు అరసెకను పట్టును. అనుభవము గల ఛాయాగ్రాహకులు ప్రతి చిత్రమునకు దానిపై వ్రేలు వేసి చూచుకొనెడివారు. మరికొందరు ముహూర్తమును రెండు కెమేరాలతో తీసెడివారు.

నేడు ఫిల్ము పెండ్లిపందిరినుండి దాదాపు తొలగిపోయినది. ఫిల్ము లేని కెమేరాను 1975లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థయందు స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు నిర్మించెను. అది సుమారు పదివేల చుక్కలతో ఒక నలుపు తెలుపు చిత్రమును కూర్చి, టేపుపై నమోదు చేయుటకు 23 సెకనులు పట్టెడిది. నేటి సామాన్యమైన పెండ్లి కెమేరాలో రెండుకోట్ల నలుబదిలక్షల చుక్కలుండును. సెకనునకు పది చిత్రములు తీయునవియు కలవు. తీసిన చిత్రము తీసినచోటనే వెనుకనున్న చిన్న తెరపై కనబడును. మా నాయనమ్మ చిత్రము పోయిన విధమున పోవుటకు నేడు వీలులేదు. ఐనను యంత్రము యంత్రమే. లక్షచిత్రములు తీసిన షట్టర్ లక్షయొకటవ చిత్రమువద్ద ఆగిపోవచ్చును. అందుచేత వృత్తిగా చేయువాడు ఒక్క కెమేరాతో పెండ్లికి పోడు. ఒకే జాతికి చెందిన రెండింటిని చెరియొక భుజమున వ్రేలాడదీసికొనును. ఒకే జాతివి యని యేల చెప్పితిననగా, అప్పుడు ఒకదాని లెన్సు రెండవదానికి తగులును, బ్యాటరీలును మార్చుకొనవచ్చును, చీకటిలో వ్రేళ్లు వెదకుకొనకయే మీటలు దొరకును.

కెమేరాకంటె లెన్సు ముఖ్యమని వృత్తిలోనివారందురు. వారి మాట నిజమని నా యభిప్రాయము. కెమేరాలు నాలుగైదు వత్సరములకు మారుచుండును. మంచి లెన్సు ఇరువదియేండ్లు నిలుచును. లెన్సుపై రెండు అంకెలు వ్రాసియుండును. మొదటిది మిల్లీమీటర్లలో దాని నాభ్యంతరము. ఆ అంకె చిన్నదైనచో విశాలమైన దృశ్యము కనబడును. పెద్దదైనచో దూరముననున్నది దగ్గరగా కనబడును. మేనమామ పెండ్లికుమార్తెను గంపలో కూర్చుండబెట్టి మోసికొనివచ్చునప్పుడు ఇరుకు నడవలో వెనుకకు జరుగుటకు చోటుండదు. అచ్చట 24 లేక 35 మిల్లీమీటర్ల లెన్సు కావలెను. కాని దానితో మిక్కిలి దగ్గరకు పోయి ముఖము తీసినచో ముక్కు పెద్దదిగను, చెవులు చిన్నవిగను అగపడును. అంచున నిలిచినవారు అడ్డముగ సాగిపోయినట్లుందురు. పెండ్లికుమార్తె ముఖమును తీయుటకు 85 మిల్లీమీటర్ల లెన్సును పలువురు మెచ్చుకొందురు. దానితో నాలుగడుగులు వెనుకకు నిలిచి తీయవలెను గనుక ముఖము దాని సహజరూపమున వచ్చును. ఇక అప్పగింతలవేళ తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకొని కన్నీరు పెట్టుకొనుచుండగా వారి ముఖములయెదుటికి కెమేరాతో పోవుట మర్యాద కాదు. అప్పుడు 70నుండి 200 మిల్లీమీటర్లవరకు మార్చుకొనదగిన పొడవాటి లెన్సుతో దూరమునుండియే తీయవలెను. అది కిలోన్నర బరువుండును. రాత్రియంతయు దానిని మోసినవాని భుజమునకే దాని విలువ తెలియును!

లెన్సుపైనున్న రెండవ అంకె వెలుతురునకు సంబంధించినది. లెన్సు నడుమ కంటిపాపవంటి రంధ్రము కలదు. దానిని చిన్నదిగను పెద్దదిగను చేయవచ్చును. నాభ్యంతరమును రంధ్రపు వెడల్పుతో భాగించగా వచ్చినదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సునకు 25 మిల్లీమీటర్ల రంధ్రమున్నచో అంకె 2. అంకె తగ్గినకొలది రంధ్రము పెద్దది. 1.4, 2, 2.8, 4, 5.6 అను వరుసలో ఒక్కొక్క మెట్టునకు వెలుతురు సగమగుచు పోవును. అనగా 5.6 వద్ద ప్రవేశించు వెలుతురునకు నాలుగింతలు 2.8 వద్ద ప్రవేశించును. అరుంధతిని చూపుటకు వధూవరులను ఆరుబయటకు తీసికొని పోయినప్పుడు ఈ నాలుగింతలే పనిని నిలుపును. పెద్ద రంధ్రముగల లెన్సులకు అంత వెల యేల యని యడుగువారికి ఇదియే ప్రత్యుత్తరము. అయితే రంధ్రము పెద్దదైనకొలది స్పష్టముగా కనబడు లోతు తగ్గిపోవును. పెండ్లికుమార్తె కన్నులు స్పష్టముగ నుండి, జానెడు వెనుకనున్న వరుని ముఖము మసకబారును. మూడు వరుసలలో ఇరువదిమంది బంధువులు నిలిచిన చిత్రమునకు రంధ్రమును 8వరకు చిన్నది చేయనిచో వెనుకవరుసలోని పెదతండ్రి అలుగుట నిశ్చయము.

ఎంత గొప్ప లెన్సైనను లేని వెలుతురును పుట్టింపలేదు. అందుచేత సంచిలో ఫ్లాష్ దీపములు కనీసము మూడుండును. కొత్తగా నేర్చుకొనువాడు ఫ్లాష్‌ను కెమేరా తలపై తగిలించి సూటిగా ముఖములపై వేయును. అట్టి చిత్రములను మీరు చూచియుందురు: ముందున్న ముఖము సున్నము పూసినట్లు తెల్లబారును, నుదుట చెమట అద్దమువలె మెఱయును, వెనుక గోడపై నల్లని నీడ దయ్యమువలె నిలుచును, దూరముననున్నవారు చీకటిలో కలిసిపోవుదురు. ఇందలి కారణమును మీరు భౌతికశాస్త్రమున ముందుముందు చదువుదురు. దీపమునుండి దూరము రెండింతలైనచో, పడు వెలుతురు సగము కాదు, నాలుగవ వంతగును. దూరము మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. రెండు మీటర్ల దూరముననున్న పెండ్లికుమార్తెకు సరిపడు వెలుగు, నాలుగు మీటర్ల దూరముననున్న ఆమె తల్లికి నాలుగవ వంతే చేరును.

ఈ చిక్కును దాటుటకు మార్గము దీపము ముఖమును త్రిప్పుట. ఫ్లాష్‌ను మిద్దెవైపు ఎత్తి వేసినచో, తెల్లని పైకప్పంతయు ఒక పెద్ద దీపమై మెత్తని వెలుతురును అందరిపైని సమముగ చల్లును. నీడలు మాసిపోవును. కళ్యాణమంటపమున కప్పు తెల్లగను, మరీ ఎత్తు కాకను ఉన్నచో ఇంతకంటె సుఖమైన పద్ధతి లేదు. కాని మన పందిళ్లకు కప్పు తెల్లగా నుండునా? తాటాకులు, కొబ్బరియాకులు వెలుతురును మ్రింగివేయును. ఎఱ్ఱని గుడ్డ కట్టిన షామియానాపై వేసినచో వెలుతురు ఎఱ్ఱబారి, పెండ్లివారందరు కుంకుమ పూసికొన్నట్లు వత్తురు. కావున ఛాయాగ్రాహకుడు తన కప్పును తానే వెంట తెచ్చుకొనును. అది తెల్లని గొడుగు. ఎత్తైన కాలుగల పీటపై ఫ్లాష్‌ను బిగించి, దాని వెలుగును గొడుగుగుండ పంపినచో, చిన్న దీపము పెద్ద వెలుతురుగ మారును. కెమేరాపైనున్న చిన్న రేడియో పెట్టె సంకేతము నీయగా, షట్టర్ తెఱచుకొన్న క్షణముననే దూరముననున్న ఆ దీపమును వెలుగును. పూర్వము ఈ రెంటికి నడుమ తీగ యుండెడిది. దానికి తట్టుకొని పడినవారి కథలు ప్రతి ఛాయాగ్రాహకునివద్దను ఉన్నవి.

దీపమును ఎచ్చట నిలుపవలెననునది వేరొక విద్య. హోమగుండమునుండి పొగ లేచుచుండగా దీపమును కెమేరాప్రక్కనే యుంచి వేసినచో, వెలుగు ముందుగా పొగపైబడి తెల్లని తెరవలె అడ్డునిలుచును. దీపమును ప్రక్కకు, కొంచెము వెనుకకు జరిపినచో ముఖములు తేటపడును. పొగయు వెండితీగలవలె అందముగ కనబడును. తలంబ్రాలకును ఫ్లాష్ మేలుచేయును. పసుపుబియ్యము గాలిలో ఎగురుచుండగా సామాన్యమైన వెలుతురులో తీసినచో అవి గీతలుగ సాగిపోవును. తక్కువ శక్తితో వెలిగించిన ఫ్లాష్ మెఱుపు సెకనులో వెయ్యవవంతుకంటెను తక్కువకాలము నిలుచును గనుక, ప్రతి బియ్యపుగింజయు గాలిలో ఆగినట్లు విడివిడిగా కనబడును. కొందరు అదేపనిగ ఒకటి రెండు చిత్రములు గింజలు గీతలగునట్లు తీయుదురు. కదలికయు కనబడవలెనని వారి వాదము. అదియు కాదనలేము.

వెలుతురును కొలుచుట గూర్చి ఒక్కమాట చెప్పవలెను. కెమేరాలో వెలుతురును కొలుచు సాధనము కలదు. కాని దానికి పెండ్లియని తెలియదు. లోకమంతయు సగటున మధ్యరకపు బూడిదరంగున నుండునని నమ్మి అది లెక్కవేయును. మధుపర్కములు కట్టిన వధూవరులు ఎదుట కూర్చున్నప్పుడు చిత్రమునిండ తెలుపే యుండును. సాధనము వెలుతురు ఎక్కువైనదని భ్రమించి తగ్గించును. తెల్లని చీరలు మాసినవానివలెను, ముఖములు నల్లగను వచ్చును. ఛాయాగ్రాహకుడు దాని మాట వినక, చేతితో ఒక మెట్టు వెలుతురు పెంచవలెను. రంగుల సంగతియు నిట్టిదే. పాతకాలపు విద్యుద్దీపము పసుపువన్నె వెలుతురు నిచ్చును. తెల్లవారుజామున ఆకాశము నీలివన్నె వెలుతురు నిచ్చును. మన కన్ను ఈ భేదమును తనంతట సరిదిద్దుకొనును. కెమేరాకు చెప్పవలెను. పసుపు రాసిన పాదములకు పసుపుదీపపు వెలుగు తోడైనప్పుడు ఏది పసుపో ఏది చర్మమో చిత్రమున తెలియకపోవును. అందుకే సంచిలో అరచేతియంత బూడిదరంగు అట్ట యొకటి యుండును. దానిని ఒక్కసారి ఆ వెలుతురులో తీసినచో రంగుల లెక్క కుదురును.

ఇన్ని దీపములకు తిండి బ్యాటరీలు. ఫ్లాష్ ఒకమారు వెలిగినపిదప తిరిగి విద్యుత్తును నింపుకొనుటకు కొంతకాలము పట్టును. కొత్త బ్యాటరీలున్నచో రెండు మూడు సెకనులు. అలసినవి యైనచో ఆరేడు సెకనులు. మంగళసూత్రమునకు మూడుముళ్లు వేయుట కెంతసేపు? మొదటిముడికి వెలిగిన దీపము మూడవముడివరకు మరల వెలుగదేని, రెండవముడి చిత్రము చీకటిలో పోయినట్లే. కావున ముహూర్తమునకు అరగంటముందు, ఎంత మిగిలియున్నను, అన్ని బ్యాటరీలను మార్చివేయుదురు. నిండినవానిని ఒక డబ్బాలో, అయిపోయినవానిని వేరొక డబ్బాలో వేయుదురు. ఈ రెండును కలిసిపోయిన రాత్రి ఎట్లుండునో ఒక్కసారి అనుభవించినవాడు మరల కలుపడు. పల్లెటూళ్లలో విద్యుత్తు పోవుట కలదు. అందువలన చార్జరులతోపాటు పొడవాటి తీగపెట్టెయు, తలకు కట్టుకొను టార్చిదీపమును ఉండును.

చిత్రములు నిలువయుండునది గోరంత మెమరీ కార్డులో. అరువదినాలుగు గిగాబైట్ల కార్డులో సుమారు రెండువేల పెద్ద చిత్రములు పట్టును. ముప్పదియారు చిత్రముల ఫిల్ముతో పోల్చినచో ఇది సముద్రము. ఐనను వృత్తిలోనివారు ఒక్క కార్డును నమ్మరు. మంచి కెమేరాలలో రెండు కార్డులకు చోటుండును; తీసిన ప్రతి చిత్రమును రెంటిలోను ఒక్కసారే వ్రాయునట్లు అమర్చవచ్చును. ఒకటి చెడినను రెండవది నిలుచును. ఈ ఏర్పాటు ఉండియు దానిని వాడక, రెండవ కార్డును కేవలము అదనపు చోటుగ వాడుకొనువారు ఉన్నారు. అది నాకు నచ్చదు.

మన తీరప్రాంతములవారికి మరియొక శత్రువు తేమ. లెన్సులను సంచిలో మూసి నెలలు గడిపినచో గాజుపై సాలెగూటివంటి బూజు పట్టును. అది గాజుపూతను తినివేయును. సంచిలోని చిన్న పొట్లములు దీనికొరకే. వానిలో సిలికాజెల్ గింజలుండును. అవి గాలిలోని తేమను పీల్చుకొనును. నీలిరంగుగల గింజలు తేమ నిండగనే గులాబివన్నెకు తిరుగును. వేడిచేసి ఆరబెట్టినచో మరల నీలిరంగునకు వచ్చును. చల్లదనపు యంత్రముగల విడిదిగదినుండి ఉక్కగానున్న పందిరిలోనికి వచ్చునప్పుడు, చల్లనినీటి గ్లాసు చుట్టును చెమ్మ పట్టినట్లే లెన్సునకును పట్టును. పది నిమిషములవరకు ఏమియు కనబడదు. తెలిసినవాడు సంచిని మూసియుంచి, ముందుగనే బయటకు తెచ్చి, అది వెచ్చబడిన పిదప విప్పును.

సంచి అడుగున ఒక చిన్న పుస్తకము కలదు. దానిని సాధనమని చాలమంది యెంచరు. నా దృష్టిలో మాత్రము అది లెన్సులతో సమానమైనది. పెండ్లికి ముందుదినమున ఛాయాగ్రాహకుడు ఇంటిపెద్దను కలిసికొని ముహూర్తమును, ఆచారములను, ముఖ్యులైన బంధువుల పేర్లను అందు వ్రాసికొనును. నాయనమ్మ ఎవరు? ఆమె ఎచ్చట కూర్చుండును? నడువలేని తాతగారిని పందిరిలోనికి తెత్తురా, లేక గదిలోనే యుంతురా? రెండువేల చిత్రములు తీసి, అమ్మమ్మ చిత్రము ఒక్కటియు తీయక వెడలినవారు లేకపోలేదు. పురోహితునితోను రెండుమాటలు మాటలాడి, జీలకఱ్ఱ బెల్లమునకు ముందు ఆయన ఏ సైగ చేయునో అడిగి తెలిసికొనవలెను. ఇక ఎత్తుపీట గూర్చి చెప్పనేవలయును. మిక్కిలి చౌకైనది, ఎవరును గొప్పగా చెప్పుకొననిది. అక్షతలు వేయుటకు బంధువులందరు లేచినవేళ వేలరూపాయల లెన్సులన్నియు వారి వీపులనే చూచును. అప్పుడు ఆ పీటయే దారి చూపును.

తెల్లవారును. అప్పగింతలు ముగిసి బండ్లు కదలును. మేళగాండ్రు సన్నాయిలను సంచులలో చుట్టుకొందురు; వంటవారు గాడిపొయ్యిలపై నీళ్లు చల్లుదురు. రాత్రియంతయు నిలిచిన ఛాయాగ్రాహకుని కాళ్లు లాగుచుండును. ఐనను అతడు నిద్రకు పోడు. ఇంటికి చేరి కార్డులను తీసి, ఒక డిస్కులోనికి ఎక్కించును. పిదప రెండవ డిస్కులోనికి ఎక్కించును. అంతటితో ఆగక, మొదటినుండి చివరవరకు చిత్రములను తెఱచి చూచును. తెర తొలగిన క్షణము ఉన్నది. మూడుముళ్లు ఉన్నవి. పుస్తకము తెఱచి నాయనమ్మ పేరుప్రక్కన గుఱుతు పెట్టును. రెండు డిస్కులలో నొకదానిని బీరువాలో పెట్టి, రెండవదానిని వేరొక ఇంటనున్న తన తమ్మునివద్దకు పంపును. అది చేరినదని కబురు వచ్చిన పిదపనే కార్డులను తుడిచివేయును.